కందిరీగ గూట్లో ఏముందంటే

అచ్చుకు వెళ్ళబోతున్న తమ పుస్తకాన్ని తామే ఆపించుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. నేను మాత్రం ఒకణ్ణి. పదహారు పేజీల పిల్లల బొమ్మల పుస్తకం అది. దాంట్లో తప్పుందని చెప్పింది నాలుగో తరగతి చదివే తొమ్మిదేళ్ళ పిల్ల.

ఈమధ్యనే ఉద్యోగంలో చేరిన టీచర్లు కొందరు, పిల్లలకు జంతువుల కథలు ఎలా చెప్పాలి మాస్టారూ అని నన్ను అడుగుతుంటారు. పద్ధతులు చెప్పడం నాకు చేతకాదు. నాకు జరిగింది చెబుతాను, మీకు పనికొచ్చేది ఏదైనా ఉంటే తీసుకోండి.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళ సర్వీసు. గుంటూరుకు పడమటి వైపు, ఎటు చూసినా పత్తి, మిరప తప్ప మరొకటి కనిపించని నల్లరేగడి ఊళ్ళో ప్రాథమిక పాఠశాల. టీచర్లం ఇద్దరమే. నేను, మా హెడ్‌మిస్ట్రెస్ గారు. ఆమెది ఆ చుట్టుపక్కల ఊరి క్రైస్తవ కుటుంబం. ఆదివారాలు చర్చిలో పిల్లలకు బొమ్మలు గీసి బైబిలు కథలు చెప్పేవారు. ఆమె గొంతు రోడ్డు దాకా వినపడేది గానీ చెయ్యి మాత్రం చాలా మెత్తన. ఆమె గీసిన గొర్రెపిల్లను చూస్తే నిమరబుద్ధేసేది.

ఒక ఏడాది మా బడికి పెట్టెడు బొమ్మల పుస్తకాలు వచ్చాయి. అన్నీ నిజమైన జంతువుల గురించినవే. మంచు మీద నిలబడ్డ పెంగ్విన్లు, తెల్ల ఎలుగుబంట్లు, సముద్రంలో ఇల్లంత తిమింగలాలు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. అంతా అయ్యాక రెండో తరగతి వాడొకడు అడిగాడు.

"ఇయన్నీ నిజంగా ఉన్నాయా సార్, గ్రాఫిక్సా?"

ఉన్నాయిరా అన్నాను. వాడు తలూపాడు గానీ నమ్మలేదు. నమ్మడానికి వాడి దగ్గర ఆధారం ఏముంది? అప్పుడే మా ఇద్దరికీ ఒక ఆలోచన వచ్చింది. పిల్లలు నడిచి వెళ్ళి చూసి రాగలిగిన జంతువుల మీద మేమే పుస్తకాలు చేద్దామని. నేను రాస్తాను, ఆమె బొమ్మలు వేస్తారు. డ్రాయింగ్ షీట్లు మడిచి, మా ఇంటి మగ్గం మీద మిగిలిన నూలుతో కుడతాను. నియమం ఒక్కటే. ఎవరో ఒకరు కళ్ళారా చూసిందే రాయాలి. చివరి పేజీలో "చూసినవాళ్ళు" అని వాళ్ళ పేరు వెయ్యాలి.

మొదటి పుస్తకం కొంగల మీద. మా ఊరి చెరువులో తుమ్మచెట్ల మీద అవి గూళ్ళు పెట్టేవి. మిట్టమధ్యాహ్నం ఎండకు తల్లికొంగ రెక్కలు విప్పి పిల్లలకు గొడుగులా నిలబడుతుంది. మరొకటి నోటి నిండా నీళ్ళు తెచ్చి పిల్లల మీద కుమ్మరిస్తుంది. ఒక చేపలాయన చూసి చెప్పింది అలాగే రాశాం. పుస్తకం చదివాక పిల్లలందరినీ చెరువు గట్టుకు తీసుకెళ్ళాను. రెండు గంటలు కూర్చున్నాం. కొంగ వచ్చి నిజంగానే నీళ్ళు పోసింది. ముప్పై మంది పిల్లలున్న చోట అంత నిశ్శబ్దం నేను అంతకుముందు వినలేదు. కాసేపటికి ఒక పిల్ల నా చెవిలో అంది. "సార్, కొంగ మన పుస్తకంలో ఉన్నట్టే చేస్తంది."

అలా ఆరు పుస్తకాలయ్యాయి. ఏడోది కందిరీగ.

దీనికి మా నాన్న సంగతి కొంచెం చెప్పాలి. మాది చీరాల దగ్గర నేతపని చేసే ఇల్లు. నాన్న మగ్గం గుంటలో కూర్చుని తత్వాలు పాడుకుంటూ నేసేవాడు. ఆయన నెత్తి మీద దూలానికి కందిరీగలు మట్టితో చిన్న చిన్న కుండల్లాంటి గూళ్ళు కట్టేవి. నాకు ఆరేడేళ్ళప్పుడు, కందిరీగ తత్వం ఒకటి పాడుతూ మధ్యలో ఆపి, వాటిని చూపించి చెప్పాడు.

"చూడరా, అది పచ్చపురుగును తెచ్చి లోపల పెట్టి మూసేసుద్ది. ఇక చుట్టూ రొద చేస్తా తిరుగుద్ది. ఆ రొద వినీ వినీ, దాన్నే తలుచుకునీ తలుచుకునీ, పురుగు కాస్తా కందిరీగైపోద్ది. నువ్వు కూడా అక్షరాన్ని అట్టా తలుచుకో."

తలుచుకున్నాను. మా ఇంట్లో మొదటి టీచరునయ్యాను. ఆ మాట నా బతుకంతా నాతో నడిచింది. దాన్నే పుస్తకం చేశాను. బొమ్మలు వెయ్యబోతూ హెడ్‌మిస్ట్రెస్ గారు అడిగారు.

"ఇది మీరు చూశారా మాస్టారూ?"

"మా నాన్న చూశాడండీ."

నాన్న చెప్పాడు నిజమే. చూశానని ఎప్పుడూ అనలేదు. ఆ తేడా నాకు ఆ క్షణంలో తెలుసు, తెలిసే దాటేశాను. చివరి పేజీలో నాన్న పేరు వేశాం.

ఆ పుస్తకం మిగతావాటికంటే బాగా కుదిరింది. పురుగు కళ్ళు మూసుకుని రొద వింటున్న బొమ్మ ఒకటి ఆమె వేశారు, చూసినవాళ్ళెవరూ పేజీ తిప్పేవాళ్ళు కాదు. గుంటూరులో ఉపాధ్యాయులు తయారుచేసిన పుస్తకాల ప్రదర్శనలో పెడితే ఒక అధికారి రెండుసార్లు చదివి, దీన్ని జిల్లా బడులన్నిటికీ అచ్చు వేయిస్తామన్నారు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. హెడ్‌మిస్ట్రెస్ గారు చర్చిలో ప్రార్థన చేయించారు. నేను నాన్నకు ఫోన్ చేసి చెబితే, "నా పేరు అచ్చులోనా?" అని మూడుసార్లు అడిగాడు.

జనవరి వచ్చింది. మిరప కోతలకు ప్రకాశం జిల్లా పడమటి మెట్ట ఊళ్ళ నుంచి కుటుంబాలు దిగాయి. ఏటా అంతే. చేల గట్ల మీద పత్తికట్టెతో దడి కట్టుకుని, పైన పట్టా కప్పుకుని రెండు మూడు నెలలు ఉంటారు. వాళ్ళ పిల్లల్ని ఆ కోతలున్నన్నాళ్ళు మా బడిలో కూర్చోబెట్టుకునేవాళ్ళం. ఆ ఏడాది వచ్చినవాళ్ళలో ఈ పిల్ల ఉంది. సన్నగా, పెద్ద పెద్ద కళ్ళతో ఉండేది. సెలవు రోజుల్లో తల్లితో కాయలు కోసేది కాబట్టి చేతులు మండుతుంటే పలకకు ఆనించుకుని చల్లబరుచుకునేది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కందిరీగ పుస్తకం చదివాను. పుస్తకం మూయగానే వెనక వరసలోంచి ఆ పిల్ల లేచింది.

"అట్టా కాదు సార్."

"ఏది అట్టా కాదు?"

"పురుగు కందిరీగ అవదు. లోపల కందిరీగ పిల్ల వేరే ఉంటది. అది పురుగుల్ని తింటది."

"నీకెవరు చెప్పారు?"

"ఎవురూ చెప్పలా. మా దడికి చానా గూళ్ళుండయ్. పిన్నీసుతో తెరిచి చూశా."

తరగతంతా నవ్వింది. పిల్లలు నవ్వినందుకు నేను వాళ్ళను కోప్పడాల్సింది. నాకు ఆ పిల్ల మీద కోపం వచ్చింది. ఎదురు చెప్పిందని కాదు, అది నాకు అలవాటే. మా నాన్నను ఎవరో అబద్ధాలకోరు అన్నట్టు వినపడింది నాకు. అచ్చుకు వెళ్తున్న పుస్తకం సంగతి కూడా లోపల ఎక్కడో గుచ్చుకునే ఉంటుంది.

"గూళ్ళు పగలగొట్టడం తప్పు. అబద్ధం చెప్పడం ఇంకా తప్పు. ఇటు వచ్చి ఈ పేజీ మూడుసార్లు చదువు."

వచ్చింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఆ గదిలో ఆ పేజీ తప్పని తెలిసిన మనిషి ఆ పిల్ల ఒక్కతే, ఆ పిల్ల చేతనే దాన్ని మూడుసార్లు చదివించాను. చదివి, పుస్తకం నా చేతికిచ్చి, వెళ్ళి కూర్చుంది. ఏడవలేదు.

రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు నేను తాళం తీసేసరికి అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో జానెడు పత్తికట్టె ముక్క. దానికి ఉసిరికాయంత మట్టికుండ అంటుకుని ఉంది. తమ దడిలోంచి విరుచుకొచ్చింది. నా వెనకే లోపలికొచ్చి దాన్ని నా బల్ల మీద పెట్టింది.

కుండకు ఒక పక్కన చింతగింజంత కిటికీ ఉంది. పిన్నీసుతో, చుట్టూ ఎక్కడా బీట పడకుండా గీకి తీసిన కిటికీ. సైన్సు పెట్టెలోంచి భూతద్దం తెచ్చి చూశాను.

లోపల ఏడు పచ్చపురుగులు ముడుచుకుని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్నాయి. చచ్చిపోయాయనుకున్నాను. ఆ పిల్ల చీపురుపుల్ల నా చేతికిచ్చింది. మెల్లగా తాకితే ఒక పురుగు తోక అంచు సన్నగా కదిలింది.

"చావలేదు సార్. సరిగా కదల్లేవంతే. కందిరీగ కుట్టి తెస్తది. చస్తే కుళ్ళిపోతయ్ గదా."

"మరి పిల్ల ఎక్కడ?"

"పైన చూడండి."

కుండ లోకప్పు నుంచి ఒక దారం వేలాడుతోంది. దాని చివర, నూకగింజ కన్నా చిన్నది, ముత్యంలా ఒక గుడ్డు. నేతగాడి ఇంట్లో పుట్టినవాణ్ణి, ఎన్నో రకాల నూలు చేత్తో పట్టి చూసినవాణ్ణి. అంత సన్నటి దారాన్ని నేను అప్పటిదాకా చూడలేదు. గాలి తగలకూడదని ఊపిరి బిగపట్టాను.

"దాన్నెందుకలా వేలాడదీసింది?" ఈసారి అడిగింది సారు కాదు. ఏమీ తెలియని ఒక యాభై నాలుగేళ్ళ మనిషి.

"కింద పెడితే పురుగులు మెదిలి నలిపేస్తయ్ సార్."

నేను ఆ భూతద్దం దించలేకపోయాను. ఇరవై ఏడేళ్ళు పాఠం చెప్పాను. నా చిన్నప్పటి నుంచి నా నెత్తి మీద అలాంటి గదులు వరసగా ఉన్నాయి. ఒక్కదాంట్లోకి నేను తొంగి చూడలేదు.

హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చి చూశారు. "ప్రభువా!" అన్నారు, అంతే. ఆ తర్వాత ఆమెకు వెంటనే చేయాల్సిన పని గుర్తొచ్చింది. "చీమలు పడతాయి మాస్టారూ" అంటూ పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో గిన్నె బోర్లించి, దాని మీద కట్టెముక్క పెట్టి, పైన గాజు గ్లాసు మూశారు. కింద ఒక పుల్ల అడ్డం పెట్టి గాలి ఆడేలా చూశారు. మా ఇళ్ళలో చక్కెర డబ్బాను కాపాడుకునే పద్ధతే.

మర్నాటికి గుడ్డు పగిలింది. తెల్లటి పిల్లపురుగు ఆ దారానికే వేలాడుతూ, తల కిందికి సాచి, మొదటి పచ్చపురుగును తినడం మొదలుపెట్టింది. పిల్లలు ఇద్దరిద్దరుగా వచ్చి చూశారు. తోసుకోలేదు, అరవలేదు. మిరప రైతు కొడుకొకడు భూతద్దంలో చూసి ఉలిక్కిపడ్డాడు.

"సార్! ఈ పచ్చపురుగు మా కాయలు తొలిచేదే! మా నాన్న దీనికే మందు కొడతాడు!"

రోజుకో పురుగు తగ్గుతోంది. లోపలిది రోజురోజుకూ బలుస్తోంది. ఏ పచ్చపురుగూ కందిరీగ కాలేదు.

నాలుగో రోజు అధికారి ఫోన్ చేశారు. పుస్తకం మర్నాడు ప్రెస్సుకు వెళ్తోందట, అక్షర దోషాలుంటే సాయంత్రంలోగా చెప్పమన్నారు.

"అక్షర దోషాలు లేవండీ. కథే తప్పు," అన్నాను. జరిగింది చెప్పాను.

ఆయన మంచి మనిషి. కాసేపు నవ్వారు. "మాస్టారూ, అంత అందమైన కథ. చిన్నపిల్లలకు ఏం తెలుస్తుందండీ?"

"తెలిసింది చిన్నపిల్లకేనండీ."

"ఇప్పుడు మారిస్తే కుదరదు. ఈ ఏడాదికి మీ పుస్తకం పోయినట్టే. మళ్ళీ వస్తుందని కూడా నేను మాటివ్వలేను. ఆలోచించుకోండి."

ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని హెడ్‌మిస్ట్రెస్ గారి వైపు చూశాను. ఆ బొమ్మలు వెయ్యడానికి ఆమె వేసవి సెలవులన్నీ ఖర్చు పెట్టారు. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత మామూలు గొంతుతోనే, అంటే ఫోన్లో అవతలాయనకు కూడా వినపడేలా అన్నారు. "నేను నాలుగు బొమ్మలు మార్చుకుంటే చాలు. మీరే మొత్తం రాసుకోవాలి. ఆపెయ్యమనండి."

ఆపించేశాను. ఆ పుస్తకం ఆ ఏడాదే కాదు, తర్వాత కూడా అచ్చు కాలేదు.

ఆ మధ్యాహ్నం అందరి ముందూ ఆ పిల్లను పిలిచాను. "నువ్వు చెప్పింది నిజం. అబద్ధం చదివించింది నేను. నన్ను క్షమించమ్మా," అన్నాను. పిల్లలు బిత్తరపోయారు. ఆ పిల్ల నా కన్నా ఎక్కువ సిగ్గుపడి, "పర్లేదులెండి సార్," అంది. నా కుర్చీలో కూర్చోబెట్టి, నువ్వు చూసిందంతా చెప్పు, నేను రాసుకుంటానన్నాను. కాళ్ళు నేలకు అందక ఊపుకుంటూ చెప్పింది. కందిరీగ బోరింగు దగ్గర తడిమట్టి ఉండ చేసుకుని వస్తుందని, కడుతూ కడుతూ లోపలికి తల పెట్టి చూసుకుంటుందని, గుడ్డు ముందే పెట్టి పురుగులు తర్వాత నింపుతుందని, చివరికి మూత పెట్టి వెళ్ళిపోతుందని.

"మళ్ళీ ఎప్పుడొస్తది?" ఎవరో అడిగారు.

"రాదు. ఇంకోటి కట్టుకుంటా పోద్ది."

చూసినవాళ్ళ పేరు మార్చే ముందు నాన్నకు చెప్పాలి. ఆదివారం ఊరెళ్ళాను. అప్పటికి మగ్గం ఎక్కడం మానేసి చాలాకాలమైంది ఆయన. వేటపాలెం నుంచి చెల్లెలు పంపిన జీడిపప్పు నములుతూ మంచం మీద కూర్చున్నాడు. అచ్చు ఆగిపోయిందని చెప్పి, ఎందుకో చెప్పాను. దారం గురించి చెబుతుంటే నమలడం ఆపేశాడు.

"ఎంత సన్నంరా?"

"మనం నేసిన దేనికన్నా సన్నం నాన్నా."

జీడిపప్పు పక్కన పెట్టి, ఇంటి దూలం వైపు చూస్తూ అన్నాడు. "చెయ్యి చాపితే అందేయిరా ఆ గూళ్ళు. మా గురువు చెప్పాడు, నేను పాడుకున్నా. ఒక్కటి విప్పి చూద్దామనిపించలా నాకు." నా ముఖం చూసి నవ్వాడు. "ఒరేయ్, పాట మార్చబాకు. అది మనిషి కోసం కట్టింది. పుస్తకం మార్చు, అది కందిరీగది. నా పేరు కొట్టేసి ఆ పిల్లది రాయి."

అలాగే చేశాను. కొత్త పుస్తకం నాలుగు ప్రతులు చేత్తో రాసి కుట్టాం.

గూట్లోది పురుగులన్నీ తినేసి, చుట్టూ పలచటి పట్టుపొర అల్లుకుని నిద్రపోయింది. రెండు వారాలు దాటినా కదలిక లేదు. ఈలోగా కోతలైపోయాయి. ఒక శనివారం ఉదయం వాళ్ళ ఊరికి మినీలారీ బయల్దేరుతోందని తెలిసింది. పిల్ల మూట చంకన పెట్టుకుని చివరిసారి చూద్దామని బడికి పరిగెత్తుకొచ్చింది. గ్లాసు దగ్గర కూర్చుంది. రోడ్డు మీద లారీ హారన్ మోగుతూనే ఉంది. కాసేపటికి తల్లి కేకలు వేసుకుంటూ వచ్చింది.

"ఏమే, నీకు చెవులు పన్జెయ్యట్లేదా? అందరూ నీకోసం ఎదురుచూడాల్నా? ఈ మట్టిముద్ద కోసమేనా మా దడంతా పీకింది?"

"అమ్మా, ఉష్! కదుల్తంది!"

పొర చిరిగింది. ముందు రెండు మీసాలు, తర్వాత పసుపు చారల నల్లటి తల. ఆ కిటికీ అంచు పట్టుకుని ఒళ్ళంతా బయటికి లాక్కుంది. దారానికి వేలాడిన గుడ్డేనా ఇది? నడుము అంత సన్నగా, రెక్కలు పొగ రంగు గాజుపలకల్లా. నేను గ్లాసు తీసేశాను. హెడ్‌మిస్ట్రెస్ గారు కట్టెముక్కను గది కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పట్టుకున్నారు. కందిరీగ ముందుకాళ్ళతో మీసాలు తుడుచుకుంది. రెక్కలు ఒకసారి విప్పి మూసింది. కేకలు వేస్తూ వచ్చిన తల్లి కూతురి భుజం మీద చెయ్యేసి వంగి చూస్తోంది. రోడ్డు మీద హారన్ మోగుతున్న సంగతి మాలో ఎవరికీ పట్టలేదు.

అది ఎగిరింది. గదిలో ఒక్క చుట్టు కూడా తిరగలేదు. తిన్నగా కిటికీలోంచి మిరపచేల వైపు వెళ్ళిపోయింది.

తల్లి నా వైపు తిరిగింది. ఇందాకటి గొంతు కాదు.

"ఇప్పుడేగా సార్ పుట్టింది. దానెమ్మ మొహమన్నా చూళ్ళేదు. ఎగరాలని, ఎటు పోవాలని, రేపు గూడు కట్టాలని... దీనికెవురు నేర్పిచ్చారు సార్?"

"నాకు తెలియదమ్మా," అన్నాను.

ఆమె నన్ను ఒక క్షణం చూసి, తలూపి, పిల్ల చెయ్యి పట్టుకుని బయల్దేరింది. నేను గేటు దాకా వెళ్ళాను. లారీ ఎక్కీ ఎక్కకముందే ఆ పిల్ల మిగతా కూలీలకు జరిగిందంతా చెప్పడం మొదలుపెట్టింది. లారీ కదులుతుంటే ఆ గొంతు నాకు స్పష్టంగా వినపడింది.

"ఎవురు నేర్పిచ్చారో మా సారుకి గూడా తెలీదంట!"

అంత గర్వంగా నా గురించి ఇంకెవరూ, ఎప్పుడూ చెప్పుకోలేదు.